గుహ గోడ మీది పేర్లు

ఇంటర్నెట్టు రచన గురించి మన సాహిత్య సభల్లో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. యంత్రం మీద పుట్టిన రచనకు మట్టి వుండదు, మనిషి వుండడు, అది కంపెనీల సరుకు మాత్రమే అనేది ఒకటి. యంత్రం వచ్చింది కనుక సాహిత్యం దానంతట అదే కొత్త యుగంలోకి నడిచింది, ఒకరిద్దరు మేధావులు గదిలో కూర్చుని దాన్ని సృష్టించారు అనేది రెండోది. చూడటానికి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెంటికీ పునాది ఒక్కటే. రచన వెనుక వున్న శ్రమను చూడకపోవడమే ఆ పునాది.

ఈ రెండు అభిప్రాయాలనూ పరీక్షించడానికి నేను ఒక జీవితాన్ని తీసుకుంటున్నాను. ఆయన పేరు విలియం క్రౌథర్. ఇంటర్నెట్టుకు తల్లివేరు అయిన ఆర్పానెట్‌ను నడిపిన ప్రోగ్రాములు రాసినవారిలో ముఖ్యుడు. ఆ నెట్టు మీద ఊరూరూ తిరిగిన మొట్టమొదటి కథా రచనల్లో ఒకదానికి కర్త కూడా. దాని పేరు ‘అడ్వెంచర్’. ‘కొలోసల్ కేవ్’ అని కూడా అంటారు. లోకం దీన్ని ఆటగా లెక్కించింది. కాని ఇందులో బొమ్మ లేదు, రంగు లేదు, శబ్దం లేదు. వున్నదంతా వాక్యాలే. వాక్యాలతో కట్టిన దాన్ని వాక్యాలుగా చదివే బాధ్యత సాహిత్య విమర్శకుడిది.

క్రౌథర్ 1936లో పుట్టాడు. ఎం.ఐ.టి.లో భౌతికశాస్త్రం చదివాడు. లింకన్ లాబొరేటరీలో పనిచేసి, తరువాత మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో వున్న బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో చేరాడు. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా, దూరదూరాన వున్న కంప్యూటర్లను కలిపే పనిని ఈ సంస్థకు అప్పగించింది. ఒక్కో కేంద్రంలో ఒక్కో చిన్న కంప్యూటరును కాపలా పెట్టి, కబుర్లను ముక్కలు చేసి, ఒక చోటినుంచి మరో చోటికి చేరవేయించాలన్నది పథకం. దానికోసం ఎంచుకున్నది హనీవెల్ 516 యంత్రం. దాని జ్ఞాపకశక్తి 12 వేల పదాలు. ఒక్కో పదానికి 16 బిట్లు. ఈనాడు చేతిలో ఇమిడే ఫోనుతో పోలిస్తే అది సముద్రం పక్కన చెంబు నీళ్ళు. ఆ చెంబులోనే మొత్తం ప్రోగ్రామును ఇమిడ్చినవారు క్రౌథర్, డేవ్ వాల్డెన్, బెర్నీ కోసెల్. మొదటి యంత్రం 1969 ఆగస్టు చివరికి లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయానికి చేరింది. అక్టోబరు 29న రెండు కేంద్రాల మధ్య మొదటి కబురు నడిచింది. రెండు అక్షరాలు దాటగానే అవతలి కంప్యూటరు కుప్పకూలింది. నెట్టు చరిత్ర అలా రెండక్షరాలతో మొదలయింది.

పాఠకులు ఇక్కడ ఒక సాంకేతిక విషయం కాస్త ఓపికగా వినాలి. సాహిత్యానికి దీనితో సంబంధం వుంది. కబురు ఏ దారిన పోవాలో నిర్ణయించడానికి క్రౌథర్ రాసిన పద్ధతిలో నెట్టు మొత్తం పటం ఎవరి దగ్గరా వుండదు. ప్రతి కేంద్రానికీ తన ఇరుగుపొరుగు మాత్రమే తెలుసు. ఫలానా చోటికి పోవాలంటే మా మీదుగా ఇంత ఆలస్యం అవుతుందని పొరుగువాళ్ళు ఎప్పటికప్పుడు చెబుతుంటారు. ఆ మాట పట్టుకుని ప్రతి కేంద్రమూ తన దారి తాను ఎంచుకుంటుంది. పై నుంచి ఆజ్ఞాపించే యజమాని లేడు. అయినా కబురు గమ్యం చేరుతుంది. ఈ ఏర్పాటును గుర్తు పెట్టుకోండి. ఐదారేళ్ళ తరువాత ఇదే ఆకారం కథలో మళ్ళీ కనిపిస్తుంది.

క్రౌథర్ గురించి ఆయన సహోద్యోగులు చెప్పిన సంగతుల్లో ఒకటి, పని చిక్కుపడినప్పుడు ఆఫీసు గుమ్మం చట్రం పట్టుకుని వేళ్ళ మీద వేలాడుతూ ఆలోచించేవాడని. కొండలెక్కడం, గుహల్లో దిగడం ఆయనకు వ్యసనం. ఆయన భార్య పాట్రీషియా కూడా గుహాన్వేషకురాలే, ప్రోగ్రామరే. కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ ప్రాంతం వారిద్దరికీ కార్యక్షేత్రం.

మామత్ కేవ్ అంటే సున్నపురాతిని నీరు తొలిచిన గుహల వ్యవస్థ. ప్రపంచంలో తెలిసిన గుహలన్నిటిలోకీ పొడవైనది. మన నంద్యాల జిల్లా బేలం గుహల పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. మామత్ కేవ్‌లో ఈనాటికి కొలిచిన దారుల పొడవు 420 మైళ్ళకు పైమాటే. అంటే 670 కిలోమీటర్లు దాటింది. ఈ పొడవు ఒక్కసారిగా దొరికింది కాదు. గుంపులు గుంపులుగా మనుషులు టేపులు, దిక్సూచులు పట్టుకుని, బురదలో పాకి, అడుగడుగూ కొలిచి, చిన్న పుస్తకాల్లో రాసుకుని పైకి తెచ్చిన పొడవు అది. ఆ అంకెలను కంప్యూటరులోకి ఎక్కించి పటాలు గీసే పని క్రౌథర్ దంపతులు చేపట్టారు. ఇంట్లో పెట్టుకున్న టెలిటైపు ముందు కూర్చుని, గుహలో ఎవరెవరో కొలిచి తెచ్చిన దూరాలను, కోణాలను ఎక్కించేవారు.

1972లో ఫ్లింట్ రిడ్జ్ గుహలో, అంతవరకు ఎవరూ దూరలేని ఇరుకు సందులో పాట్రీషియా దూరి అవతలికి పోయింది. ఆ అవతలి దారిలో గోడ మీద ఒక పేరు, ఒక బాణం గుర్తు కనిపించాయి. పేరు ‘పీట్ హెచ్.’. 1930లలో మామత్ కేవ్ వైపు నుంచి అన్వేషించిన పీట్ హాన్సన్ అనే గైడు గీసిన గుర్తు అది. అంటే అటునుంచి ఒక మనిషి ఎప్పుడో ఇక్కడిదాకా వచ్చాడు! దారి వుంది! సెప్టెంబరు 9న ఐదుగురు పురుషులూ పాట్రీషియా కలిసి ఆ దారిన నడిచి, నడుం లోతు నీళ్ళు దాటి, మామత్ కేవ్‌లోకి తేలారు. రెండు గుహలు ఒక్కటే అని రుజువయింది. గుహాన్వేషణ చరిత్రలో దీన్ని శిఖరారోహణంతో పోలుస్తారు. తలుపు తెరిచింది స్త్రీ. దారి చూపింది, తన పని ఫలితాన్ని చూడని ఒక గైడు.

కొన్నేళ్ళకు క్రౌథర్ దంపతులు విడిపోయారు. ఆ తరువాతి రోజుల గురించి క్రౌథర్ స్వయంగా చెప్పిన మాటల సారాంశం ఇది. గుహలకు పోవడం ఆగిపోయింది. కూతుళ్ళిద్దరూ దూరమయ్యారన్న వెలితి వుంది. వాళ్ళు వచ్చినప్పుడు ఆడుకోవడానికి, గుహలో తిరిగిన అనుభవాన్నే కల్పన కలిపి ఒక ప్రోగ్రాముగా రాద్దామనుకున్నాడు. ఆ రోజుల్లోనే, 1974లో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే నోటి మాటల ఆటను స్నేహితులతో ఆడుతున్నాడు. ఒకడు కథ చెబుతుంటే మిగతావాళ్ళు పాత్రలై తామేం చేస్తారో చెప్పే ఆట అది. ఈ రెండూ కలిసి 1975-76 ప్రాంతంలో ‘అడ్వెంచర్’ తయారయింది. భాష ఫోర్ట్రాన్. యంత్రం పి.డి.పి.-10. ప్రోగ్రాము 700 వరుసలు, పాఠమూ పట్టికలూ కలిసి మరో 700 వరుసలు వుంటాయి.

ఇక రచన దగ్గరకు వద్దాం. ఒక రోడ్డు చివర, చిన్న ఇటుక కట్టడం ముందు, చుట్టూ అడవి, కట్టడంలోంచి వాగు. అక్కడ ‘నువ్వు’ నిలబడి వున్నావని కథ చెబుతుంది. ఏం చేస్తావో నువ్వు రెండు మాటల్లో చెప్పాలి. దీపం తీసుకోమంటే తీసుకుంటుంది. కిందికి అంటే వాగు వెంట దిగుతుంది. ఇనుప కటకటాల తలుపు తాళం తీస్తే గుహ. అక్కడి నుంచి మంచు పొగల మందిరం, పొట్టివాళ్ళు విసిరే గొడ్డళ్ళు, మంత్రం ఉచ్చరిస్తే ఒక చోటినుంచి మరో చోటికి మాయమవడం. మన పాఠకులకు కాశీమజిలీ కథలు తెలుసు. అక్కడ నడక ఆగిన చోట కథ మొదలవుతుంది. ఇక్కడ నడకే కథ. ప్రతి మజిలీకి ఒక వర్ణన, ఆ మజిలీ నుంచి పోగల దారుల పట్టిక. మజిలీకి తన పొరుగు మజిలీలు మాత్రమే తెలుసు. మొత్తం పటం ఎక్కడా లేదు, చదివేవాడు నడిచి తయారు చేసుకోవాలి. ఆర్పానెట్ దారి పద్ధతికీ ఈ కథా నిర్మాణానికీ వున్న పోలిక నన్ను ఆశ్చర్యపరిచింది. క్రౌథర్ దాన్ని ఉద్దేశించి చేశాడని నేననడం లేదు. ఒక మనిషి రోజూ చేసే పని అతని చేతికి ఒక ఆకారాన్ని అలవాటు చేస్తుంది. ఆ చేయి కథ రాసినా అదే ఆకారం వస్తుంది. రూపం అనేది ఆకాశం నుంచి వూడిపడదు, శ్రమలోంచి వస్తుంది అని మనం చెప్పుకునే మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

శైలి విషయమూ అంతే. క్రౌథర్ వర్ణనల్లో విశేషణాలు తక్కువ. గది ఎంత వెడల్పు, నేల ఎటు వాలివుంది, ఏ దిక్కున సందు, ఎంత ఎత్తున పగులు. ఇది కవి భాష కాదు. కొలతల పుస్తకం భాష. కథలో ఒక చోట రాతి మీద ‘వై2’ అని రాసి వుంటుంది. ఎందరో ఆటగాళ్ళు దీన్ని మాయా సంకేతం అనుకున్నారు. అది గుహను కొలిచేవాళ్ళు రాతి మీద పెట్టుకునే సర్వే గుర్తు. అంటే పని గుర్తు కథలోకి వచ్చి మంత్రమయింది. ఆటను కంఠస్థం చేసిన ఒక గుహాన్వేషకురాలు మొదటిసారి నిజమైన బెడ్‌క్విల్ట్ గుహలో దిగినప్పుడు, ఎరిగిన చోటులాగా దారి పట్టుకోగలిగిందని ఆ వర్గాల్లో చెప్పుకుంటారు. వాస్తవికత అనే మాటను మనం ఎన్ని రకాలుగా నిర్వచించినా, పాఠం చదివినవాడు ప్రదేశంలో దారి తప్పకుండా నడవగలగడం కంటే గట్టి పరీక్ష ఏముంటుంది?

నేను పనిచేసే ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ని తెలుగులో చెప్పి చూశాను. నల్లబల్ల మీద ఒక్కో మజిలీ రాసి, ఏం చేస్తారో మీరే చెప్పండి అన్నాను. అప్పుడు తెలిసింది, మొదటి కష్టం మొదటి మాటలోనే వుందని. ఇంగ్లీషు రెండో పురుషకు మర్యాద తేడా లేదు. తెలుగులో ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? మీరంటే గుహ సర్కారు ఆఫీసు అయిపోతుంది. నువ్వంటేనే చీకట్లో పక్కన మనిషి వున్నట్టు వుంటుంది. రెండో కష్టం మాటల క్రమం. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు తరువాత. మనకు దీపం ముందు, తీసుకోవడం తరువాత. పిల్లలు మాత్రం ఈ కష్టాలేవీ పట్టించుకోలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు దీపం ఆర్పెయ్ అన్నాడు. చీకట్లో నడిస్తే గుంటలో పడతావు సుమా అన్నాను. తరగతి అంతా నిశ్శబ్దం. కథ చెప్పేవాడూ వినేవాడూ ఒకరినొకరు నడిపించే ఈ పద్ధతి మనకు కొత్త కాదు. బుర్రకథలో వంతపాటగాడు అడిగే ప్రశ్నకూ దీనికీ దూరపు చుట్టరికం వుంది. యంత్రం కొత్తది కావచ్చు. ఊ కొట్టడం పాతదే.

ఆ యంత్రానికి మాత్రం మన భాష తెలియదు. పి.డి.పి.-10లో ఒక పదానికి 36 బిట్లు. ఒక్కో అక్షరానికి 7 బిట్లు. కనుక పదంలో పట్టేది ఐదక్షరాలే. ‘అడ్వెంచర్’ ప్రతి మాటలోనూ మొదటి ఐదక్షరాలు మాత్రమే చూడటానికి కారణం ఇదే. 7 బిట్లంటే 128 స్థానాలు. అవన్నీ ఇంగ్లీషుకే సరిపోయాయి. 1991లో యూనికోడ్ వచ్చేదాకా ప్రపంచ లిపుల ఉమ్మడి పట్టికలో తెలుగుకు చోటు దొరకలేదు. ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు, అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళు నెట్టు మీద తెలుగును రోమన్ అక్షరాల్లోనే రాసుకోవలసి వచ్చింది. యంత్రం ఎవరి భాషలో పుట్టిందో వాళ్ళ కథలే ముందు చెబుతుంది. ఇది కూడా చరిత్రే.

క్రౌథర్ తన ప్రోగ్రామును అచ్చు వేయలేదు, అమ్మలేదు. సంస్థ కంప్యూటరులో వదిలాడు. 1976లో ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలకు వెళ్ళాడు. ప్రోగ్రాము మాత్రం నెట్టు వెంట ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి నకళ్ళుగా నడుస్తూ పోయింది. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి వైద్య విభాగం కంప్యూటరులో ఒక నకలు దొరికింది. అందులో తప్పులున్నాయి, అసంపూర్తి భాగాలున్నాయి. కర్త గురించి వున్న ఆచూకీ ఒక్కటే. తప్పులు, సూచనలు, ఫిర్యాదులు వుంటే క్రౌథర్‌కు పంపండి అనే ముక్క. చిరునామా లేదు. వుడ్స్ ఏం చేశాడు? నెట్టులో వున్న ప్రతి కేంద్రానికీ క్రౌథర్ అనే పేరు మీద ఉత్తరం పంపాడు. ఒక చోటినుంచి జవాబు వచ్చింది. అసలు ప్రోగ్రాము చేతికందింది. వుడ్స్ దాన్ని విస్తరించి 1977లో విడుదల చేశాడు. తొలి కర్త క్రౌథర్ అని అందులోనే చెప్పాడు.

ఆ సంతకం గురించి ఒక్క మాట. గ్రంథకర్త తన పేరును సాధారణంగా యాజమాన్య చిహ్నంగా వాడతాడు. ఇది నాది, అనుమతి లేనిదే ముట్టుకోకండి అని దాని అర్థం. క్రౌథర్ పేరు అక్కడ వేరే పని చేసింది. తప్పు వుంటే నాకు చెప్పండి అంది. ఇది యాజమాన్యపు సంతకం కాదు, జవాబుదారీ సంతకం. ఇటువంటి సంతకం ఎందుకు సాధ్యమయిందో కూడా చూడాలి. యుద్ధ శాఖ డబ్బుతో నడిచిన నెట్టు అది. వియత్నాం మీద బాంబులు పడుతున్న కాలంలో ఆ శాఖే ఈ పరిశోధనకు జీతాలిచ్చింది. మార్కెట్టు ఇంకా లోపలికి రాలేదు. ఆ సందులో పనివాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకునే సంస్కృతి మొలిచింది. ఇది కొందరి మంచితనం వల్ల పుట్టింది కాదు. చరిత్ర ఇచ్చిన కొద్దిపాటి వ్యవధి. దాన్ని స్వర్ణయుగం అనడం తప్పు. అది లేదనడమూ తప్పు.

ఇంతవరకు చెప్పిన కథలో క్రౌథర్, పాట్రీషియా, వుడ్స్, గోడ మీది పీట్ హాన్సన్ వున్నారు. ఇంకా లోతుకు దిగాలి. ఆ గుహలకు దారులెవరు కనిపెట్టారు?

1812 యుద్ధ కాలంలో మందుగుండుకు కావలసిన సురేకారం కోసం మామత్ కేవ్‌లో మట్టి తవ్వించారు. తవ్వినవాళ్ళు సుమారు 70 మంది నల్ల బానిసలు. 1838లో ఫ్రాంక్లిన్ గోరిన్ అనే వకీలు గుహను 5 వేల డాలర్లకు కొని, యాత్రికులను తిప్పడానికి తన బానిస కుర్రవాణ్ణి తెచ్చి పెట్టాడు. అతని పేరు స్టీఫెన్ బిషప్. వయసు పదిహేడు ప్రాంతం. అంతవరకు ఎవరూ దాటని అగాధాన్ని ఆ కుర్రవాడు ఒక యాత్రికుడితో కలిసి దాటాడు. అవతల మైళ్ళ కొద్దీ దారులు బయటపడ్డాయి. కళ్ళు లేని చేపలు తిరిగే చీకటి నీళ్ళు బయటపడ్డాయి. మరుసటి ఏడాది డాక్టర్ జాన్ క్రోగన్ గుహను 10 వేల డాలర్లకు కొన్నాడు. గుహతో పాటు బిషప్ కూడా చేతులు మారాడు. ఒకే బేరంలో గుహ, గుహను ఎరిగిన మనిషి!

1842లో యజమాని బిషప్‌ను లూయీవిల్‌లోని తన ఎస్టేటుకు పిలిపించి పటం గీయమన్నాడు. బిషప్ జ్ఞాపకం మీద గీశాడు. ఆ పటం రెండు మూడేళ్ళలో అచ్చయింది. నలభై ఏళ్ళకు పైగా వాడుకలో వుంది. బానిస గీసిన పటం బానిస పేరుతోనే అచ్చు కావడం ఆనాటికి అరుదు. పటం మీద పేరు వుంది, కాని పటం గీసిన మనిషి తనకు తాను సొంతం కాదు. ఈ వైరుధ్యాన్ని మించిన కావ్యవస్తువు నాకు కనిపించదు. క్రోగన్ చనిపోతూ రాసిన వీలునామా ప్రకారం బిషప్‌కు 1856లో విముక్తి దొరికింది. 1857లో చనిపోయాడు. సమాధికి రాయి లేదు. 1881లో ఒక దాత, వేరే ఎవరో సైనికుడి కోసం చెక్కిన రాయిని తిరిగి చెక్కించి అక్కడ పెట్టించాడు. దాని మీద మరణ సంవత్సరం 1859 అని తప్పుగా వుంది. రాయి మీద సంవత్సరం తప్పినా, కొవ్వొత్తి పొగతో గుహ గోడల మీద అతడు రాసుకున్న పేరు మాత్రం చెరగలేదు.

బిషప్‌తో పాటు మ్యాట్, నిక్ బ్రాన్స్‌ఫర్డ్‌లు కూడా బానిస గైడులే. వాళ్ళను నాష్‌విల్‌లోని యజమాని దగ్గర ఏడాదికి ఇంత అని అద్దెకు తెచ్చారు. మ్యాట్ సంతతి తరతరాలుగా గైడులుగా పనిచేసింది. 1941లో జాతీయోద్యానం ఏర్పడినప్పుడు ఆ కుటుంబానికి అందులో చోటు దొరకలేదు. 2004లో గాని ఆ వంశం వాడొకడు గైడుగా తిరిగి రాలేదు.

క్రౌథర్ వర్ణించిన బెడ్‌క్విల్ట్, కొలోసల్ గుహలు బిషప్ పటంలో లేవు. అవి ఫ్లింట్ రిడ్జ్ వైపువి. ఈ తేడాను దాచనక్కరలేదు. కాని 1972లో రుజువయింది ఏమిటి? అన్నీ ఒకే వ్యవస్థ అని. గుహ విషయంలో తేలిన ఈ నిజం చరిత్ర విషయంలోనూ నిజం. దారులు కనిపెట్టి, పేర్లు పెట్టి, గోడల మీద గుర్తులు గీసి, వెనక వచ్చేవాడికి దారి చూపే సంప్రదాయాన్ని మొదలుపెట్టింది బానిసలు. ఆ సంప్రదాయమే హాన్సన్ బాణంగా, సర్వే గుర్తుగా, చివరికి ఫోర్ట్రాన్ పట్టికగా మారింది. క్రౌథర్ ఆ గొలుసులో చివరి కడియం. కడియం గట్టిదే. కాని గొలుసు అతనితో మొదలు కాలేదు.

ఇప్పుడు రచనలోని లోపాన్నీ చెప్పాలి. ఇంతమంది మనుషులు నడిచిన గుహ, కథలో ఖాళీగా వుంది. అక్కడ ‘నువ్వు’ తప్ప మనిషి లేడు. ఎదురయ్యే పొట్టివాళ్ళు శత్రువులు. వాళ్ళకు మాట లేదు, గొడ్డలి వుంది. చంపితే పొగలో మాయమవుతారు. నువ్వు చేయవలసిన పని నిధులు పట్టుకుని బయటికి తేవడం. 1977 రూపంలో దానికి 350 మార్కులు కూడా పెట్టారు. నిజమైన గుహలో ఇటువంటి నిధులు లేవు. వేల ఏళ్ళ కిందట అక్కడ జిప్సమ్ గీకి తీసుకుపోయిన ఆదివాసుల జాడలున్నాయి. సురేకారం తవ్విన బానిసల కొయ్య గొట్టాలున్నాయి. భూమి ఖాళీగా వుంది, అందులో సంపద వుంది, ఎదురైనవాణ్ణి తొలగించి తెచ్చుకోవడమే సాహసం! ఇది వలసవాది కల. కొలిచే చేయి రాసిన వాక్యాల్లో గుహ నిజం. కొల్లగొట్టే కల కలిసిన చోట గుహలోని మనుషులు మాయం. ఒకే రచనలో ఈ రెండూ వున్నాయి. వుడ్స్ చేర్చిన భాగంలో అగ్నిపర్వతం కూడా వుంది. సున్నపురాతి గుహలో అగ్నిపర్వతమేమిటని అడగవచ్చు. ఆయన ఆ గుహను చూసి రాయలేదు. అనుభవం ఆగిన చోట అలంకారం పెరుగుతుందన్నది మన ప్రబంధాలు చదివినవారికి కొత్త సంగతి కాదు. అయితే ఆ వర్ణనకు ఎందరో పాఠకులు ముగ్ధులయ్యారన్నదీ నిజమే. దాన్ని కాదనలేం.

తరువాతిది మార్కెట్టు కథ. 1979లో మైక్రోసాఫ్ట్ దీన్ని పెట్టెల్లో పెట్టి అమ్మింది. ఎం.ఐ.టి.లో దీన్ని చూసి ‘జోర్క్’ రాసినవాళ్ళు కంపెనీ పెట్టారు. దీన్ని ఆడి ప్రేరణ పొందిన రాబర్టా విలియమ్స్ భర్త కెన్‌తో కలిసి 1980లో ‘మిస్టరీ హౌస్’ తెచ్చింది, పెద్ద వ్యాపారం లేచింది. అసలు కర్తలిద్దరికీ ప్రతిఫలం ముట్టింది 1981లో సాఫ్ట్‌వేర్ టూల్‌వర్క్స్ అనే సంస్థ వేసిన రూపం నుంచి మాత్రమేనంటారు. అదే కాలంలో అటారీ కంపెనీకి ‘అడ్వెంచర్’ అనే బొమ్మల ఆట తయారు చేసినవాడు వారెన్ రాబినెట్. క్రౌథర్, వుడ్స్‌ల ఆటే అతనికి స్ఫూర్తి. ఆ కంపెనీ తన ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. రాబినెట్ ఆటలో ఒక రహస్యపు గది కట్టి, కంటికానని చుక్కతో దాని తలుపు తెరుచుకునేలా చేసి, లోపల తన పేరు రాసుకున్నాడు. 1980లో ఆట లక్షల ఇళ్ళకు చేరిన తరువాత గాని యజమానులకు ఆ సంగతి తెలియలేదు. నేను దీన్ని చదివినప్పుడు నాకు బిషప్ గుర్తుకు వచ్చాడు. ఇద్దరి స్థితికీ పోలిక లేదు. ఒకడు బానిస, మరొకడు జీతగాడు. కాని పని తనది, పేరు యజమానిది అయినప్పుడు పనివాడు చీకటి గోడ వెతుక్కుంటాడు. ఆ కోరిక ఒక్కటే.

క్రౌథర్ తొలి పాఠం చాలా ఏళ్ళు పోయిందనే అనుకున్నారు. అందరి దగ్గరా వున్నది వుడ్స్ విస్తరించినది. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో దాచిన వుడ్స్ విద్యార్థి ఖాతా ఫైళ్ళలో అది బయటపడింది. డెన్నిస్ జెర్జ్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు ఆ పాఠాన్ని పట్టుకుని కెంటకీ వెళ్ళాడు. గుహలో దిగి, వాక్యాన్ని రాతితో పోల్చి చూశాడు. ఎక్కడ క్రౌథర్ ఉన్నదున్నట్టు రాశాడు, ఎక్కడ కల్పించాడు, వుడ్స్ ఏం చేర్చాడు అనేది తేల్చి 2007లో ప్రచురించాడు. తాళపత్ర ప్రతుల్లో పాఠాంతరాలు చూసి మూలపాఠాన్ని నిర్ణయించడం మనకు తెలిసిన విద్య. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పాత ప్రతుల మీద, శాసనాల మీద చేసిన పని స్వభావమే ఇదీ. ప్రోగ్రాముకూ పాఠ పరిష్కర్త కావాలి. యంత్రాలు మారుతుంటే, టేపులు పాడవుతుంటే, యాభై ఏళ్ళనాటి రచన ఆరు వందల ఏళ్ళనాటి తాళపత్రం కంటే ముందే శిథిలమవుతుంది. 2017లో కర్తల అనుమతితో ఈ రచన తరువాతి రూపం మూలప్రతిని అందరూ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో విడుదల చేశారు. 2023లో విలియమ్స్ దంపతులు దాన్నే మూడు కొలతల బొమ్మల్లో కట్టి అమ్మకానికి పెట్టారు. ఒకే గుహకు ఇప్పటికీ రెండు ద్వారాలు. ఒకటి ఉమ్మడిది, ఒకటి టిక్కెట్టుది.

మొదట చెప్పిన రెండు అభిప్రాయాలకు వద్దాం. ఇంటర్నెట్టు రచనకు మట్టి లేదన్నవారికి, దాని తొలి రచనల్లో ఒకటి మట్టిలో పాకినవాళ్ళు కొలిచి తెచ్చిన మట్టే అని జవాబు. మేధావి ఒక్కడే సృష్టించాడన్నవారికి, ఆ మేధావి చేతిలోకి దారి పటం చేరడానికి ఎందరు చీకట్లో నడవవలసి వచ్చిందో లెక్కపెట్టమని జవాబు. క్రౌథర్ ప్రతిభను ఇది తగ్గించదు. ఇందరి శ్రమను 700 వరుసల్లో పట్టి, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాటల్లో చెప్పి, తప్పుంటే చెప్పండి అని సంతకం చేసి వదిలినవాడు సామాన్యుడు కాడు. కాని ఆయనను ఒంటరి చేసి పొగిడితే ఆయన పనినే మనం అర్థం చేసుకోనట్టు.

ఈనాడు హైదరాబాదులో, బెంగుళూరులో, ఖండాలు దాటి ఎక్కడెక్కడో వేల మంది తెలుగు పిల్లలు ప్రోగ్రాములు రాసి బతుకుతున్నారు. వాళ్ళు రాసే వరుసల్లో వాళ్ళ పేరు వుండదు. వాళ్ళలో కథలు రాసేవాళ్ళూ వున్నారు. వాళ్ళ ఉద్యోగాన్ని ఒక పక్క, రచనను మరో పక్క పెట్టి చదవడం విమర్శకుడికి సుఖం. చేసే పనిలోంచి రూపం ఎలా వస్తున్నది, ఆ రూపంలో ఎవరు కనబడుతున్నారు, ఎవరు మాయమవుతున్నారు అని అడగడం కష్టం. విద్యార్థులు ఆ కష్టమైన ప్రశ్ననే అడగాలి. గుహలోకి దిగే ప్రతివాడూ దీపం తీసుకుపోతాడు. ఆ దీపాన్ని ముందున్న దారి మీదే కాక, ఒక్కసారి గోడల మీదికి కూడా తిప్పి, అక్కడ వున్న పేర్లు చదవడం విమర్శ చేయవలసిన పని.